ఉప్పు పద్దు

గట్టు మీద రెండు గాజు గ్లాసులు. రెండింట్లోనూ ఒకే చేలోని మట్టి, గుప్పెడేసి. రెండింట్లోనూ పోసింది నీళ్ళ ప్లాంటు నుంచి తెచ్చిన మంచినీళ్ళే. పొద్దున ఏడింటికి కలిపి పెట్టింది అమ్మాయి. ఒక గ్లాసులో మాత్రం చిటికెడు జిప్సం వేసింది. సాయంత్రం నాలుగైనా మొదటి గ్లాసులో నీళ్ళు టీ రంగులోనే ఉన్నాయి. జిప్సం వేసినదాంట్లో మట్టి అడుక్కి దిగి పైన నీళ్ళు తేటపడ్డాయి. నేను చెప్పబోయే వాదన అంతా ఆ గ్లాసుల ముందే జరిగింది.

మా పొలాలు మార్కాపురం నుంచి కంభం పోయే దారికి కాస్త లోపలగా ఉంటాయి. అన్నవి రెండెకరాలు, దిగువన నావి మూడు. అన్న అంటే తోడబుట్టినవాడు కాదు, గట్టు కలిసినవాడు. పలకల ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్ళు గుమాస్తాగా పద్దులు రాసి, అది మానుకుని సేద్యంలోకి వచ్చాడు. అమ్మాయి ఆయన చెల్లెలి కూతురు, బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదివింది.

పదేళ్ళ కిందట ఎగువన నీళ్ళ ప్లాంటు పెట్టారు. బోరు నీళ్ళను వడగట్టి మంచినీళ్ళు క్యాన్లకు పడతారు. మిగిలిన ఉప్పు నీళ్ళు గొట్టంలోంచి కాలవలోకి, అక్కణ్ణుంచి అన్న చేలోకి వస్తాయి. కరువు ఏళ్ళలో అన్నే ఆ నీళ్ళను మళ్ళించుకుని మిరపకు పెట్టాడు. ఎండిపోయే పైరుకు తడి దొరికితే అది ఎక్కడి నీరని ఎవరూ అడగరు. మూడో ఏడు మిరప ఆకు అంచులు మాడాయి. ఆ తర్వాత కంది మొలకే రాలేదు. ఇప్పుడు వాన వెలిశాక నేల మీద నల్లటి జిగురు తేలుతుంది, ఎండితే అట్టకట్టి పగుళ్ళిస్తుంది.

ఆ ప్లాంటును తిట్టడానికి నాకు నోరు రాదు. నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్‌ను మన దేశంలో వైద్యులు గుర్తించి రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో. ఆ జిల్లాలో ఉన్న పొదిలి, దర్శి, కనిగిరి 1970లో ప్రకాశం జిల్లాలోకి వచ్చాయి. కర్నూలు జిల్లా నుంచి మార్కాపురం, గిద్దలూరు వచ్చి వాటితో కలిశాయి. గారపట్టిన పళ్ళు, వంగిన కాళ్ళు, నలభై ఏళ్ళకే చేతికర్ర — ఇవి మేం పుస్తకాల్లో చదివినవి కావు. క్యాన్ నీళ్ళు వచ్చాక పుట్టిన మా ఊరి పిల్లలకు పళ్ళు తెల్లగా వస్తున్నాయి. అందుకే ఈ తగువు కష్టమైనది. మా నోట్లో మంచినీళ్ళు పోసిన చెయ్యే మా నేలలో ఉప్పు పోస్తోంది.

ఆరోజు అమ్మాయి తడి గోనెలో చుట్టి ఒక మోపు తెచ్చింది. ఎర్రటి కాడలు, బొద్దు ఆకులు. వంగరెడ్డి కూర. చినగంజాం ఉప్పు కొఠార్ల దగ్గర గట్ల మీద పాకుతుంటే కోసుకొచ్చిందట.

అమ్మాయి: మామయ్యా, ఇది ఉప్పు తిని బతికే మొక్క. మన మొక్కలు ఉప్పు తగిలితే చస్తాయి. ఇది దాన్ని పీల్చి ఆకులో దాచుకుంటుంది. నాటి, పెరిగాక కోసి, పొలం బయట పడేస్తే కోసినప్పుడల్లా కొంత ఉప్పు చేను దాటిపోతుంది. ఇలకూర కూడా అంతే.

అన్న: ఎంత పోతుంది?

అమ్మాయి: తమిళనాడులో అన్నామలై విశ్వవిద్యాలయం వాళ్ళు కొలిచి 2007లో అచ్చు వేశారు. నాలుగు నెలల పంటలో హెక్టారుకు దాదాపు 500 కిలోలు. ఇలకూర రవ్వంత ఎక్కువ, ఇది రవ్వంత తక్కువ.

అన్న: హెక్టారంటే రెండున్నర ఎకరాలు. ఎకరాకు రెండొందల కిలోలు. ఏడాదికి మూడు పంటలు తీశామనుకో, ఆరొందలు. ఇది ఖర్చు పద్దు. మరి జమ పద్దు ఎవరు రాస్తారు?

అని లేచి, చొక్కా జేబులోంచి చిన్న నోటుబుక్కు తీశాడు. ఫ్యాక్టరీ నుంచి తెచ్చుకున్న అలవాటు అది, పెన్నూ పుస్తకమూ లేకుండా పొలానికి కూడా రాడు.

అన్న: బోరు నీళ్ళల్లో లీటరుకు గ్రామున్నర ఉప్పు. ప్లాంటువాళ్ళ మీటరే చూపిస్తుంది, నేను చూశా. సగం నీళ్ళు మంచివిగా పోతాయి, సగం బయటికి వస్తాయి. ఉప్పు మాత్రం దాదాపు అంతా ఆ బయటి సగంలోనే. అంటే లీటరుకు మూడు గ్రాములు. రోజుకు పదివేల లీటర్లు వదులుతారనుకో, ముప్ఫై కిలోలు. ఏడాదికి పదకొండు టన్నులు. నీ మొక్క ఎకరాకు ఆరొందల కిలోలు తీస్తుంది. పదకొండు టన్నులు తియ్యాలంటే పద్దెనిమిది ఎకరాలు కావాలి. నాకున్నవి రెండు. ఇదేం పద్దమ్మా?

అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. ఈ లెక్క ఆమెకు తెలియక కాదు. గొట్టం కట్టేస్తారన్న నమ్మకంతో ఆమె మొక్కలు తెచ్చింది. ఆ నమ్మకం అన్నకు లేదు. వాళ్ళిద్దరి మధ్య తేడా అదేనని నాకప్పుడు అర్థమైంది.

అమ్మాయి: సరే, గొట్టం మూశారనుకోండి. అప్పుడు మిగిలేది నేలలో ఉన్న ఉప్పే కదా. అది ఇక పెరగదు.

అన్న: అదీ వేసి చూద్దాం. ఎకరం నేల, అడుగు లోతు మట్టి బరువెంత?

అమ్మాయి: సుమారు పదిహేడు వందల టన్నులు.

అన్న: అందులో నూటికి అరకిలో ఉప్పున్నా ఎనిమిదిన్నర టన్నులు. ఏడాదికి ఆరొందల కిలోలు తీస్తే పద్నాలుగేళ్ళు. నాకిప్పుడు అరవై రెండు.

అమ్మాయి: ఉప్పునంతా మొక్కే మోసుకెళ్ళాలని నేననడం లేదు. వట్టి నేల ఇంకా చెడుతుంది మామయ్యా. నీడ లేని నేల నుంచి ఎండ తేమను లాగుతుంది, తేమతో పాటు కింది ఉప్పు పైకొచ్చి పేరుకుంటుంది. ఆకు కప్పితే ఆ లాగుడు తగ్గుతుంది. బీడు పెట్టి కూర్చోవడం కంటే ఏదో ఒక మొక్క ఉండటమే మేలు.

అన్న: ఏదో ఒక మొక్క ఉంది కదా, చిల్లచెట్టు! ఎవరూ నాటకుండానే అటు గట్టంతా కమ్మింది. చౌట్లోనే బాగా పెరుగుతుంది. మరి దాని కింద నేల బాగుపడిందా?

అమ్మాయి: కొంత బాగుపడింది. మీరు నవ్వకండి. కర్నాల్‌లో 1969 నుంచి చౌడు నేలల మీదే పనిచేసే కేంద్ర పరిశోధన సంస్థ ఉంది. వాళ్ళు కారుచౌడులో గుంతలు తవ్వి, జిప్సం వేసి, ఈ చెట్టే నాటి ఏళ్ళ తరబడి కొలిచారు. దాని కింద మట్టి గుల్లబారింది, క్షారగుణం తగ్గింది.

అన్న: తగ్గాక? దాన్ని పీకేది ఎవరు? జేసీబీ అద్దె ఎవరిస్తారు? నేల బాగు చేసి నేలనే మింగే చెట్టు అది.

ఇక్కడ నేనొక మాట చెప్పాలి. ఈ చెట్టు విత్తనాలు జమైకా నుంచి వస్తే, 1877 ప్రాంతంలో మొదట నాటిన చోట్లలో మన పక్క జిల్లా కడపలోని కమలాపురం ఒకటి. బీడు నేలలకు పచ్చదనం, పేదలకు వంటచెరకు అనే తెచ్చారు. వంటచెరకు దొరికింది, నిజమే. కానీ నూట యాభై ఏళ్ళ తర్వాత మా ప్రాంతంలో ఒక్క రైతునడిగినా ఆ చెట్టును మెచ్చుకోడు. బయటి నుంచి మందు మొక్క తెస్తామని ఎవరన్నా అంటే మావాళ్ళు ముఖం పక్కకు తిప్పుకోవడానికి ఇదొక కారణం. అన్న మొండితనం వెనక ఈ అనుభవం ఉంది.

అన్న: ఇంకోటి. కోసిన ఆకు ఎక్కడ పడేస్తావ్? గేదెలకు వేస్తే పారుకుంటాయి. గట్టున వేస్తే వానకు కరిగి మళ్ళీ చేలోకే. వాగులో వేస్తే గుండ్లకమ్మకు. ఉప్పు మాయమవదు తల్లీ, చేతులు మారుతుంది.

అమ్మాయి: అది ఒప్పుకుంటా. ఉప్పొకటే ఐతే కనీసం తెలిసిన శత్రువు. పటాన్‌చెరులో ఐతే అదీ కాదు.

అని ఆమె నక్కవాగు సంగతి చెప్పింది. పటాన్‌చెరు, బొల్లారం మందుల ఫ్యాక్టరీల నీళ్ళు ఆ వాగులో కలిసి మంజీర దాకా పోయాయి. వాగు నీళ్ళు పెట్టిన పొలాలు చెడ్డాయి, బోర్లు చెడ్డాయి. 1990లో కేసు సుప్రీంకోర్టుకు వెళ్ళింది, రైతులకు పరిహారం ఇవ్వమని ఆదేశాలొచ్చాయి. 1994లో ఉమ్మడి శుద్ధి కేంద్రం మొదలైంది. సుమారు 90 మందుల కంపెనీల నీళ్ళు వచ్చే ఆ కేంద్రం బయటికి వదిలే నీటిని స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించి 2007లో రాశారు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని.

అన్న: జ్వరానికి మింగే బిళ్ళ, వాగులో?

అమ్మాయి: అవును. అలాంటి నేలలో ఉప్పు మొక్క పచ్చగా పెరుగుతుంది. పచ్చగా ఉంది కదా అని గడ్డి కోసి గేదెకు వేస్తాం. హైదరాబాదు కింద మూసీ నీళ్ళతో పెంచే పారాగడ్డి అలాగే పాడికి పోతోంది. పచ్చదనం చూసి నేల బాగుపడిందనుకోకూడదు. మాకు క్లాసులో మొదట చెప్పింది అదే. మన అదృష్టం, ఇక్కడ ప్లాంటు వదిలేది మన బోరు ఉప్పే. కొత్త విషం ఏదీ కలవలేదు.

అన్న: పలకల మిషన్ల దగ్గర బురద నీళ్ళు కూడా చూశా. అది రాతిపిండి. నేల మీద పొరగా ఆరి గాలాడనివ్వదు. దానికి నీ మొక్కలు చేసేదేం లేదు. పలుగుతో గీకి ఎత్తి పొయ్యాల్సిందే. ప్రతి నీటికీ ఒకే మందు రాస్తే వైద్యం కాదు.

అప్పుడు అమ్మాయి గ్లాసుల వైపు చెయ్యి చూపించింది. ఈ వాదనలో నాకు అన్నిటికంటే నచ్చిన ఘట్టం ఇదే, అందుకే కాస్త నిదానంగా చెబుతాను.

అమ్మాయి: మామయ్యా, చౌడు రెండు రకాలు. పాలచౌడు అంటే ఉప్పు ఎక్కువ. నేల మీద తెల్లగా పూస్తుంది. మంచినీళ్ళు నిలగట్టి కడిగితే దిగిపోతుంది. దాని మట్టి నీళ్ళలో వేస్తే నీళ్ళు తొందరగా తేటపడతాయి. కారుచౌడు వేరు. అందులో సోడియం మట్టి రేణువులనే పట్టుకుని కూర్చుంటుంది. రేణువులు ఒకదాన్నొకటి దగ్గరికి రానివ్వవు, విడిపోయి నీళ్ళలో తేలుతుంటాయి. అందుకే పొద్దుటి నుంచి ఈ గ్లాసు తేటపడలేదు. చేలో జరుగుతున్నదీ ఇదే. ఆ సన్నమట్టి రంధ్రాలను మూసేస్తుంది, వాన నీళ్ళు లోపలికి దిగవు. దిగకపోతే ఉప్పు కడుక్కుపోదు.

అన్న: మరి రెండో గ్లాసు?

అమ్మాయి: జిప్సంలో కాల్షియం ఉంది. అది సోడియాన్ని తోసి ఆ చోట కూర్చుంది. రేణువులు మళ్ళీ ముద్దకట్టి అడుక్కి దిగాయి. మీ చేనుకు కావలసింది ముందు ఇది.

అన్న ఆ గ్లాసు ఎత్తి, ఎండకు పట్టి చాలాసేపు చూశాడు.

అన్న: చిన్నప్పుడు ఇటుపక్కకు రజకులు గాడిదలతో వచ్చి సౌడు మట్టి ఎత్తుకుపోయేవాళ్ళు, బట్టలకు. అది ఇదేనా?

అమ్మాయి: అదే. సోడా ఉన్న మట్టి. అంటే మీ నేలలో ఈ గుణం కొంత ముందు నుంచీ ఉంది. ప్లాంటు నీళ్ళు దాన్ని పదింతలు చేశాయి. ఇంకో సంగతి. ఈ సోడా నీళ్ళలో కాల్షియం తక్కువ కాబట్టే ఫ్లోరైడ్ కరిగి తిరుగుతుంటుంది. కాల్షియం దొరికితే దానితో కలిసి గట్టిపడుతుంది. జిప్సం ఆ పని కూడా కొంత చేస్తుంది.

అన్న: అట్టాగైతే నీ వంగరెడ్డి కూరతో పనేముంది? జిప్సం చల్లి ఊరుకోవచ్చుగా.

అమ్మాయి: మొక్క పని ఉప్పు మోయడమే అని మీరు లెక్క కట్టారు. ఆ లెక్కలో నేను ఓడిపోయాను. కానీ మొక్కకు ఇంకో పని ఉంది, అది వేరుది. వేళ్ళు ఊపిరి తీస్తాయి. వదిలిన బొగ్గుపులుసు గాలి మట్టి తేమలో కలిసి పులుపెక్కుతుంది. మన మట్టిలో సున్నపు గులకలున్నాయి చూడండి, ఊరికే పడి ఉన్నాయి, నీళ్ళకు కరగవు. ఆ పులుపుకు కరుగుతాయి. వాటిలోంచి కాల్షియం వస్తుంది. అంటే మీ చేలోనే ఉన్న జిప్సంలాంటి మందును వేరు తవ్వి తీస్తుంది. పాకిస్తాన్ పంజాబులో కల్లర్ గడ్డితో ఇదే చేశారు. మనకు గడ్డి అక్కర్లేదు, జీలుగ చాలు.

జీలుగ అన్న మాట వినగానే అన్న ముఖం మారింది. కొత్త పేరు కాదు కదా. వాళ్ళ నాయన వరి మడికి జీలుగ చల్లి, పూతకొచ్చేలోపు దున్నేవాడు. యూరియా బస్తాలొచ్చాక మరిచిపోయారు.

అన్న: జీలుగ చౌడును తట్టుకుంటుందా?

అమ్మాయి: తట్టుకుంటుంది. మట్టి పరీక్ష చేయించి, వాళ్ళు చెప్పినంత జిప్సం ముందు చల్లి కలియదున్నాలి. మొదటి వాన నిలగట్టాలి. తర్వాత జీలుగ వేసి, నలభై ఐదు రోజులకు, కాడ ముదరక ముందే కలియదున్నాలి. ఒక్క ఏడుతో కాదు, మూడేళ్ళు. దాని వేరు పోయిన దారిలోనే వాన నీళ్ళు దిగుతాయి.

అన్న: దిగిన ఉప్పు నీళ్ళు ఎక్కడికి పోతాయి?

ఈ ప్రశ్నకు ఇద్దరూ నా వైపు చూశారు. ఎందుకంటే జవాబు నేనే. అన్న చేను కడిగితే ఆ నీళ్ళు వచ్చేది నా చేలోకి. అప్పటిదాకా మధ్యవర్తిలా కూర్చున్న నేను ఒక్క క్షణంలో కక్షిదారునయ్యాను. నా పత్తి చౌడును కొంత ఓర్చుకుంటుంది, అంచున వేసిన బొప్పాయి ఓర్చుకోదు. "నీ నేల బాగుపడటానికి నా నేల చెడాలా అన్నా?" అని అడిగాను. అడిగినందుకు సిగ్గేం పడలేదు. ప్లాంటును అన్న అడగవలసిన ప్రశ్న అదే మరి.

అమ్మాయి: చిన మామయ్య అన్నది న్యాయం. అప్పటి ప్రకాశం జిల్లాలోనే తూర్పున ఉప్పుగుండూరులో, మార్టూరు పక్క కోణంకిలో బాపట్ల శాస్త్రవేత్తలు డచ్చివాళ్ళ సాయంతో 1990ల చివర్లో రంధ్రాల గొట్టాలు నేలలో పాతి చూపించారు. కడిగిన ఉప్పు నీళ్ళు పొరుగు చేను తగలకుండా గొట్టంలోంచి మురుగు కాలవకు పోతాయి. ఉప్పును తీసేది నీళ్ళూ, మురుగు దారీ. మొక్క తోడు మాత్రమే. కాకపోతే అక్కడ మురుగు కాలవలున్నాయి, సముద్రం దగ్గర. ఇక్కడ అవి లేవు.

అన్న: మరి?

అమ్మాయి: గట్టు కింద, ఇద్దరి చేల మధ్య ఒక కందకం. దాని చివర గుంట. కందకం ఒడ్డునా గుంట చుట్టూ ఈ వంగరెడ్డి కూర. చేలో వేద్దామని తెచ్చాను, కానీ దీని చోటు చేను కాదు. కడిగినప్పుడు జారే నీళ్ళను ఆపే కాపలా పనికి ఇది సరిపోతుంది. గట్టు మీద కానుగ వెయ్యండి, ఓర్చుకుంటుంది.

అన్న: జామాయిల్?

అమ్మాయి: వద్దు. నీళ్ళు తాగి ఉప్పునంతా వేరు దగ్గరే వదిలేస్తుంది. పైగా మీ బోరు నీళ్ళూ తగ్గుతాయి.

అన్న: బోరు సంగతి ఎత్తకు.

నాకు మాత్రం ఇంకో లెక్క మిగిలింది, ఆ రాత్రి నేనే వేశాను. ప్లాంటు వదిలే పదివేల లీటర్లు ఎండకు ఆరిపోవాలంటే ఎంత చోటు కావాలి? రోజుకు అయిదు మిల్లీమీటర్లు ఆరుతుందనుకుంటే రెండు వేల చదరపు మీటర్లు, అంటే అరెకరం. అడుగున నల్ల షీటు పరిచిన అరెకరం గుంట. ఏడాదికోసారి అందులో పేరుకున్న ఉప్పు ఎత్తి తీసుకుపోవాలి. మంచినీళ్ళు అమ్మే ధరలో ఆ అరెకరం ఖర్చు ఎక్కడా లేదు. దాన్ని పదేళ్ళుగా అన్న రెండెకరాలు భరించాయి.

అసలు మార్గం బోరు మీద ఆధారపడకపోవడం. వెలిగొండ సొరంగాల గుండా కృష్ణ నీళ్ళు నల్లమల సాగర్‌కు చేరి, పల్లె పల్లెకూ కుళాయిలో వస్తే ఇన్ని ప్లాంట్లు అక్కర్లేదు. 4.47 లక్షల ఎకరాలకు సాగునీరు, 15.25 లక్షల మందికి తాగునీరు అన్నది ఆ పథకం లక్ష్యం. శంకుస్థాపన 1996లో జరిగింది. ఆ నీళ్ళు పొలాలకు వచ్చేనాటికి మురుగు దారులు లేకపోతే కారుచౌడు మీద మంచినీళ్ళు కూడా నిలిచి కుళ్ళుతాయి. కాలవతో పాటు మురుగు కాలవ తవ్వమని ఇప్పటి నుంచే అడగాలి.

ఇద్దరిలో ఎవరు గెలిచారని అడిగితే నా తీర్పు ఇది. లెక్క అన్నది, వేరు అమ్మాయిది. పారుతున్న గొట్టం కింద ఉప్పు మొక్క నాటడం దండగ. గొట్టం మూసిన నేలలో జిప్సం, వాన, జీలుగ, మురుగు దారి కలిస్తే నేల తిరిగి వస్తుంది. వంగరెడ్డి కూర మోపు మాత్రం మేం పారెయ్యలేదు. మా గట్టు కింద కందకం తవ్వి నాటాం, చిగుళ్ళు వేసింది.

గొట్టం ఇంకా మూయలేదు. అది మూసేదాకా జీలుగ విత్తనాల సంచి విప్పనని అన్న అంటున్నాడు, విప్పమని నేనూ అనడం లేదు. మా ప్రాంతంలోని పంచాయతీ పెద్దలను, ప్లాంట్లు పెట్టించే దాతలను నేను వేడుకునేది ఒక్కటే. ప్లాంటు కాగితంలో రోజుకు ఎన్ని లీటర్లు మంచినీళ్ళు ఇస్తారో రాయిస్తున్నారు. ఎన్ని లీటర్లు బయటికి వదులుతారో, అవి ఎవరి నేలలోకి పోతాయో కూడా రాయించండి.